సమజైందంటే నమ్మని సారు

బీరప్ప సారుకు ఒక్కటే జబ్బు. ఎవరైనా "సమజైంది" అంటే నమ్మడు. నమ్మకపోతే నమ్మకపోనీ, ఊరుకుంటే బాగుండు. ఊరుకోడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, "ఏం సమజైంది? చెప్పు" అంటాడు. చెప్పేదాకా తను కదలడు, ఎదుటివాణ్ణి కదలనివ్వడు. ఆయన నారాయణపేటలో ఉన్నన్నాళ్లూ ఆ ఊరి జనం ఆ ఒక్క మాట అనే ముందు అటూ ఇటూ చూసుకునేవారు.

నేను చూసుకోకుండా అన్నాను. నా పేరు సైదులు. కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగమిచ్చి, నల్లగొండ జిల్లావాణ్ణి తీసుకొచ్చి నారాయణపేటలో పడేశారు. సారుదీ మా జిల్లానే, మేళ్లచెరువు దిక్కు. నారాయణపేట జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాడు. ఇద్దరం ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నేను దిగిన మర్నాడు పొద్దున, బోరు మోటారు ఎట్లా వేయాలో, ట్యాంకు నిండితే ఎట్లా ఆపాలో ఆయన వివరించాడు. నేను మర్యాదగా "సమజైంది సార్" అన్నాను. చలికాలం. ఒంటి మీద తువ్వాల తప్ప ఏమీ లేదు. "ఏం సమజైంది?" అన్నాడు. కరెంటాఫీసువాణ్ణి, మోటారు గురించి పళ్లు టకటకలాడిస్తూ అప్పజెప్పి గాని నీళ్లు పోసుకోలేకపోయాను. పైగా మధ్యలో ఒకచోట తప్పు చెప్పానని మళ్లీ మొదటినుంచి చెప్పించాడు.

బజార్లో లచ్చయ్య హోటల్ ఉండేది. ఒకరోజు సారు చాయ్‌లో చక్కెర తక్కువ వేయమన్నాడు. లచ్చయ్య సమజైందన్నాడు. ఏం సమజైందంటే, మీకు షుగర్ బీమారి వచ్చిందని సమజైంది సార్ అన్నాడు. నిన్న చాయ్ తియ్యగా ఉందని చెబుతున్నా గాని నాకు ఏ బీమారీ లేదని సారు అరగంట బోధించాడు. లాభం లేకపోయింది. సాయంత్రానికి బజారంతా పాకింది. తెల్లారి కాలేజీ అటెండరు కాకరకాయలు తెచ్చిచ్చాడు. సారు వాటిని నాకిచ్చి, చూసినవా సైదులూ, అడగకపోతే లోపల ఏమున్నదో మనకు తెల్వనే తెల్వకపోవు అన్నాడు. కాకరకాయలు మాత్రం నేను తిన్నాను.

సర్కారు దవాఖానలో ఇంకో తమాషా. ఈదమ్మ అని ఒక ముసలామెకు దగ్గు. కంపౌండరు ఎర్రగోలీ పొద్దున, తెల్లగోలీ రాత్రి అని చెప్పి పొట్లం చేతిలో పెట్టాడు. ఆమె సమజైంది బిడ్డా అని కొంగున కట్టుకుంది. వెనక వరుసలో ఎవరున్నారో చూసుకోలేదు పాపం. "ఏం సమజైందవ్వా?" అని వినబడింది. ఆమె తడుముకోకుండా చెప్పింది. ఎర్రగోలీ పొద్దున తనకట, తెల్లగోలీ రాత్రి తన ముసలాయనకట. ఆయనా దగ్గుతున్నాడు కదా, సర్కారు ఇద్దరికీ లెక్కగట్టే ఇచ్చిందని ఆమె నమ్మకం. కంపౌండరు తలపట్టుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఆనాటి నుంచి సారు గేటులోకి రావడం చూస్తే చాలు, కంపౌండరు వరుసతో పని లేకుండా ఆయన్ని ముందు పిలిచి పంపించేసేవాడు.

మరి సారు పెళ్లెందుకు చేసుకోలేదంటారా? చూపులకు వెళ్లాడు. పిల్ల పెద్దమ్మ సారు ఉద్యోగం, జీతం, మంచీచెడూ అన్నీ పిల్లకు వివరించి, సమజైందా బిడ్డా అన్నదట. పిల్ల తలొంచుకుని సమజైందన్నదట. ఇంక చెప్పేదేముంది, ఆ పక్కా ఈ పక్కా పెద్దమనుషులు కూర్చుని ఉండగా సారు ఆ ఒక్క మాటా అడిగేశాడు. పిల్ల ఏడ్చింది. వాళ్లు ఫలహారం పళ్లేలు వెనక్కి తీసుకుపోయారు. ఆ తర్వాత ఎవరూ ఆయన్ని చూపులకు తీసుకుపోలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆదివారం మధ్యాహ్నం చూడాలి ఆయన్ని. పక్క వీధిలో మగ్గాలు ఆగిపోయి, ఎవరిళ్లల్లో వాళ్లు కునుకు తీస్తుంటే, గది ముందు కుర్చీ వేసుకుని రోడ్డు వంక చూస్తూ కూర్చునేవాడు. ఆయన కోసం ఎవరూ వచ్చేవారు కాదు. ఊరంతటినీ ప్రశ్నలడిగే మనిషిని, ఎట్లున్నవని అడిగే దిక్కు లేదు. నాకూ లేదనుకోండి. అందుకే నేను డిగ్రీలో చేరాను.

అప్పుడప్పుడే ఓపెన్ యూనివర్సిటీ చదువులు వచ్చాయి. కాలేజీకి పోనక్కర్లేదు. బడి మానేసినవాళ్లు కూడా ఒక ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. పుస్తకాలు పోస్టులో వస్తాయి, మనమే చదువుకోవాలి. పాఠం చివర 'మీ జవాబును సరిచూసుకోండి' అని ఉండేది. నేనే రాసి, నేనే సరిచూసి, నేనే శభాష్ అనుకోవాలి. రేడియోలో పాఠాలు వచ్చేవి. అందులో పాఠం చెప్పే పంతులు ఎంత బాగా చెప్పినా, నాకు తెలియలేదయ్యా అంటే వినేవాడు కాదు. గదిలో ఒక్కణ్ణే గోడకు ఒరిగి చదువుతుంటే, ఇదంతా ఎవరికోసమని ఏడుపొచ్చేది.

ఆదివారం పొద్దున మాత్రం జూనియర్ కాలేజీలో ఒక గదిలో తరగతి పెట్టేవారు. విసిరేసినట్టు బల్లకొకరం కూర్చునేవాళ్లం. నేను, బస్సు కండక్టర్ భీమయ్య, నేతపని చేసే ఇద్దరు ముగ్గురు, ఇంకొందరు. అర్థశాస్త్రానికి మా బీరప్ప సారే. అక్కడ ఆయన జబ్బు ముదిరిపోయేది. పాఠం పావుగంట చెప్పేవాడు, మిగిలిన టైమంతా ఏం సమజైందో మేం చెప్పాలి. భీమయ్య ఒకసారి తప్పించుకుందామని, ఏం సమజ్ కాలేదు సార్ అన్నాడు. అయితే ఏం సమజ్ కాలేదో చెప్పమన్నాడు సారు. అది ఇంకా కష్టం.

కోస్గి నుంచి తాహేరా అనే అమ్మాయి వచ్చేది. వాళ్ల నాయిన చోటే మియా దర్జీ. బస్సులో వెంట తీసుకొచ్చి, తరగతి అయిందాకా బయట మెట్ల మీద కూర్చునేవాడు. ఏడో తరగతితో బడి ఆగిపోయిన పిల్ల. ఇంట్లో కాజాలు కుట్టుకుంటూ, ఎవరూ చెప్పకుండానే చదివి ప్రవేశ పరీక్ష గట్టెక్కింది. టీచరు కావాలని ఆమె ఆశ. వెనక బల్ల మీద కూర్చుని, ఏం చెప్పినా సారుకు వినపడనంత మెల్లగా "సమజైంది సార్" అనేది. కానీ మొదటి ఏడాది అర్థశాస్త్రం తప్పింది. మళ్లీ రాస్తే మళ్లీ తప్పింది. చోటే మియా మంచివాడే. అయినా ఆదివారం పూట దుకాణం మూసి, బస్సు కిరాయిలు పెట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతాడు? ఈసారి తప్పితే పుస్తకాలు బంద్ అన్నాడు.

ఆ వారం ఆ మాట సారు చెవిన పడింది, తాహేరాను లేపాడు. ఏం సమజైందో చెప్పమన్నాడు. పిల్ల నోరు తెరవలేదు. మేమంతా వెనక్కి తిరిగి చూశాం. తొందరేం లేదు, తప్పైనా సరే చెప్పమని సారు అంటున్నాడు. ఆమె నిలబడే ఉంది. దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, చివరికి పుస్తకాలు తీసుకుని బయటకు వెళ్లిపోయింది.

తర్వాత ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం చోటే మియా ఒక్కడే వచ్చాడు, పుస్తకాలు వాపసు ఇస్తే తీసుకుంటరా అని నన్ను అడగడానికి. పిల్ల చదవనంటున్నదట, అన్నం కూడా సరిగ్గా తింటలేదట.

నాకు మండింది. గదికి వచ్చి సారును పట్టుకుని అడిగేశాను.

"మీ సమజు పాడుగాను సార్. ఊరందరితోని ఆడుకున్నరు, నవ్వినం. గా పిల్ల చదువు మీ నోటితోనే ఆగిపోయింది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. వారమంతా లచ్చయ్య హోటల్‌లో ఎవరేం సమజైందన్నా తలెత్తి చూడలేదు. లచ్చయ్య నన్ను పక్కకు పిలిచి, షుగర్ బాగా ఎక్కువైందా ఏందని అడిగాడు.

ఆ తర్వాతి ఆదివారం తరగతి అయిపోగానే సారు నన్ను వెంటబెట్టుకుని మద్దూరు మీదుగా పోయే కోస్గి బస్సెక్కాడు.

చోటే మియా ఇంటికి ముందు గది దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో తలుపుకు పరదా. మమ్మల్ని చూసి ఆయన కుట్టుమిషను ఆపి లేచాడు. పరదా వెనక గాజుల చప్పుడు ఒక్కసారి వినపడి ఆగింది. ఇంటామె లాడ్లీ బేగం చాయ్ పంపించింది. సారు తాహేరా పేరే ఎత్తలేదు. చాయ్ తాగి, గ్లాసు పెట్టి, చోటే మియా వంక తిరిగాడు. మీ బిడ్డ ఏం పాఠం చదువుతున్నదో మీకు తెలుసా భాయ్ అని అడిగాడు. నాకేం తెలుసు సార్, నేను ఉర్దూలో నాలుగో తరగతి అన్నాడు ఆయన.

"అయితే తెలుసుకొని పెట్టుండ్రి. మళ్ల ఐతారం వస్త. ఆమెను అడగ. మిమ్మల్నే అడుగుత."

చోటే మియా నవ్వుతున్నాడా, బెదురుతున్నాడా చెప్పడం కష్టం. పరాచికమనుకున్నాడు. కానీ సారు నిజంగానే పై ఆదివారం దిగాడు. భాయ్, గిరాకి అంటే ఏందో చెప్పమన్నాడు. దుకాణానికి వచ్చేటోళ్లు అన్నాడు చోటే మియా. సారు అదేం కుదరదని, మళ్లీ వారం గడువిచ్చాడు. అంతే, ఆ ఇంట్లో పరీక్షల భయం మొదలైంది. యాభై ఏళ్ల మనిషి పొద్దున లేచి, బిడ్డా గా పాఠం ఏందో జర చెప్పు, లేకుంటే గా సారు నా ఇజ్జత్ తీస్తడు అని పిల్ల వెంట పడ్డాడట. ఆమె మొదట విసుక్కుంది. తర్వాత జాలిపడింది. కాజాలు కుడుతూ ఆమె చెబుతుంటే, మిషను తొక్కుతూ ఈయన వల్లె వేసేవాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకు ధరల గురించి చెప్పేవాడు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన ఒక రైతు, కొలత తీసుకుంటరా పాఠం చెప్తరా అని అడిగాడని లాడ్లీ బేగం పరదా చాటు నుంచి మాకు ఫిర్యాదు చేసింది. ఆమె గొంతులో కోపం లేదు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. పిల్ల మాత్రం ఒక్కసారీ మా ముందుకు రాలేదు, మాట్లాడలేదు. అట్లా ఉండగా ఒక ఆదివారం పాఠం, ఒక వస్తువు ఎక్కువగా వాడేకొద్దీ దాని మీద మోజు ఎట్లా తగ్గుతుందనేది. సారు రొట్టెల మీద పెట్టి చెప్పమన్నాడు. చోటే మియా గొంతు సవరించుకున్నాడు.

"మొదటి రొట్టె తింటే కడుపు నిండది. రెండోది తిన్నా నిండది. నాలుగోది తింటే నిండుతది. గందుకని అన్నిట్ల నాలుగో రొట్టెకే ఇలువ ఎక్కువ సార్."

నేను నవ్వు ఆపుకోలేక మిషను వైపు తిరిగాను. పాఠం సరిగ్గా తలకిందులు. ఇంక సారు ఈయన్ని వదలడు, బస్సు కూడా పోతుందని అనుకున్నాను.

"బరాబర్ చెప్పిన్రు భాయ్," అన్నాడు సారు.

నా చెవులను నేను నమ్మలేదు. బోరు మోటారు దగ్గర చలిలో వణికించిన మనిషి, ఈదమ్మను వదలని మనిషి, పెళ్లి పోయినా సరే అడిగిన మనిషి, ఇంత పచ్చి తప్పుకు తలూపుతున్నాడు. చోటే మియా మీసం సవరించుకున్నాడు. అంతలో పరదా వెనక నుంచి గొంతు వచ్చింది.

"గట్ల కాదు అబ్బాజాన్. సార్, అది తప్పు."

సారు ఆ వైపు చూడకుండానే, తప్పేం లేదు, మీ నాయిన చెప్పింది నాకు నచ్చిందన్నాడు. అంతే, పిల్లకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. ఆకలి మీద తిన్న మొదటి రొట్టె మీదనే ఎక్కువ మోజు ఉంటది, ఒక్కొక్కటి తింటుంటే మోజు తగ్గుతది, నాలుగోదానితో కడుపు నిండిందంటే ముందు మూడూ తిన్నందుకే నిండిందని చెప్పింది. నాకు సమజ్ కాలేదన్నాడు సారు. ఆమె ఈసారి పండుగకు కుట్టించుకునే బట్టల మీద పెట్టి చెప్పింది. ఇంకా సమజ్ కాలేదన్నాడు. ఇట్లా కాదని ఆమె పరదా తోసుకుని వచ్చి, బల్ల మీది గుండీలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపిస్తూ, పంతులమ్మ మొద్దు పిల్లవాడికి చెప్పినట్టు మా సారుకు చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, పరీక్ష పెట్టుకుని ఇన్నాళ్లూ నాకు పట్టుబడనిది ఆ పూట నాకూ పట్టుబడింది. చెప్పడం అయ్యాక గాని తను బయటికి వచ్చిన సంగతి ఆమెకు తెలియలేదు. చోటే మియా నోరు తెరుచుకుని బిడ్డను చూస్తున్నాడు. లోపల లాడ్లీ బేగం మెల్లగా నవ్వింది.

"ఇప్పుడు సమజైంది," అన్నాడు సారు. ఇంక ఏమీ అడగలేదు.

తిరుగు బస్సులో జనం పల్చగా ఉన్నారు. నేను ఉండబట్టలేక, తప్పుకు తలూపడం మీరెక్కడ నేర్చుకున్నరు సార్ అని వెక్కిరించాను. ఆయన కిటికీలోంచి ఎండిన చేన్ల వంక చూస్తూ చెప్పాడు.

"సున్నపురాయి ఫ్యాక్టరీ గేటు కాడ కావలి ఉద్యోగం చేసుకుంట నేను కరస్పాండెన్సుల ఎమ్మే చదివిన సైదులూ. అన్నీ పోస్టుల వచ్చే పుస్తకాలే. నువ్వు ఏం చదువుతున్నవురా, ఏం తెలిసిందిరా అని ఒక్కరు అడగలే. తప్పు చెప్పినా సరే, ఎవరికన్న చెప్పాలె అనిపిచ్చేది. చెప్పేతందుకు మనిషి లేక మస్తు ఏడ్చిన. గందుకే సమజైందని ఎవరన్న ముచ్చట తెంపేస్తే నాకు పానం ఉండది. అడుగుత. గా పిల్లను నలుగుర్ల అడుగుడు నా తప్పే. ఆమెకు చెప్పేటందుకు ఇంట్ల మనిషి కావాలె, గంతే."

అప్పటిదాకా ఆయన్ని నలుగురిలో పడి నేనూ పిచ్చి సారనే అనుకున్నాను. గదిలో గోడతో చదువుకున్నవాణ్ణి, నాకైనా ముందే తెలియాల్సింది. నాకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. చెప్పలేదు కూడా. చెబితే ఏం సమజైందని అడుగుతాడని భయం.

తాహేరా పరీక్ష రాసింది. ఫలితాలు వచ్చాయి. పాసైంది. మార్కులు నాకన్నా ఎక్కువ వచ్చాయి, ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం. ఆ వారమే ఆదివారం తరగతిలో ముందు బల్ల మీద కూర్చుని, చరిత్ర చెప్పడానికి వచ్చిన సారును అడ్డంగా ప్రశ్నలడిగి చెమటలు పట్టించింది.

ఆ సాయంత్రం చోటే మియా బిడ్డను చుట్టాలింట్లో కూర్చోబెట్టి, మిఠాయి డబ్బా పట్టుకుని మా గదుల దగ్గరికి వచ్చాడు. సారు సంతోషం ఇంతా అంతా కాదు. ఒక ముక్క తిని, తడుముకుంటూ, ఇంక నేను కోస్గి రానవసరం లేదు భాయ్, పిల్ల తన కాళ్ల మీద తను నిలబడ్డది అన్నాడు. అంటూనే ఆయన మొహం చిన్నబోయింది. మళ్లీ ఆదివారం మధ్యాహ్నాలు, కుర్చీ, ఖాళీ రోడ్డు నాకు కళ్లకు కట్టాయి.

చోటే మియా లేవలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"బిడ్డకు అక్కర లేదు సార్. నాకున్నది. ఇన్నేండ్లు దుకాణంల కూసున్న. పొడుగెంత, నడుమెంత, ఎప్పుడిస్తవ్, గివి తప్ప నాతోని ఎవరు మాట్లాడిన్రు? మీరొక్కరే నన్ను కూసోబెట్టి అడిగిన్రు."

చోటే మియా సిగ్గుపడుతూ ఇంకొకటి అన్నాడు. తనకు ఒక అనుమానం ఉందట. ధర పెంచితే గిరాకి తగ్గుతుందని పాఠంలో ఉంది కదా, మరి రంజాన్ ముందు తను కుట్టుకూలి పెంచినా జనం తోసుకుంటూ వచ్చారే, అదెట్లా అని. తాహేరా ఏదో చెప్పిందట, తను ఒప్పుకోలేదట, ఇద్దరికీ రెండ్రోజులుగా ఇంట్లో పేచీ నడుస్తున్నదట.

బీరప్ప సారు ఊరందరినీ అడిగాడు గాని, నేను ఎరిగినంతలో ఆయన్ని ఒకరు కోరి ప్రశ్న అడగడం అదే మొదలు. ఆయన గబగబా లేచి, కుర్చీని చోటే మియాకు ఎదురుగా లాక్కుని, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. పండుగ సంగతి వేరు భాయ్ అని మొదలుపెట్టాడు. చోటే మియా అడ్డం తగిలాడు. సారు మళ్లీ చెప్పాడు. ఈయన మళ్లీ ఒప్పుకోలేదు. నేను స్టవ్వు వెలిగించి చాయ్ పెట్టాను.

కోస్గి ఆఖరి బస్సు మా వీధి మలుపులో హారన్ కొట్టుకుంటూ పోయింది. వాళ్లిద్దరికీ వినపడలేదు. నేనూ చెప్పలేదు.